పుల్లకు కట్టిన వేరు

బస్సు ఈపాటికి వంతెన దాటి ఉంటుంది. వంతెన దాటితే బస్టాండు ఎంతోసేపు కాదు, బస్టాండులో భార్య స్కూటర్‌తో కాచుకుని ఉంది, స్కూటర్ మీద ఇల్లు అసలే ఎంతోసేపు కాదు, అంటే అక్క ఈ గుమ్మంలోకి రావడానికి ఓ ముప్పావుగంట, మహా అయితే గంట, ఆ గంటలో ఈ వేరు పువ్వుగా మారాలి. మారదు. మారదని తెలిసే అతను వంటింటి కిటికీ ముందు స్టూలు వేసుకుని, ఆర్కిడ్ కుండీకి ఎదురుగా, ఒక్క ప్రశ్నకీ జవాబు రాని పిల్లాడు పరీక్షలో కూర్చున్నట్టు కూర్చున్నాడు. నిజానికి బస్టాండుకి తనే వెళ్ళాలి. ఇన్నేళ్ళ తరవాత తోడబుట్టిన మనిషి గడప తొక్కుతుంటే ఎదురెళ్ళాల్సింది తమ్ముడే. కానీ పొద్దున్నే భార్యతో "షాపులో అర్జంటు పని పడింది, నువ్వెళ్ళు" అన్నాడు. ఆవిడ అతని మొహం వంకా కుండీ వంకా మార్చి మార్చి చూసి, "పనా, భయమా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా హెల్మెట్ తగిలించుకుని వెళ్ళిపోయింది. ఇవాళ ఆదివారం. ఆదివారం షాపు తెరవరని ఆవిడకి తెలుసు, ఆవిడకి తెలుసని అతనికీ తెలుసు, అయినా నోటికొచ్చిన అబద్ధం నోట్లోనే ఉండిపోదు కదా, ఈ మధ్య అతని నోటికి అదే పనైపోయింది.

వేరు. ఆ మాట మనసులో అనుకోవడానికే అతనికి చాలా రోజులు పట్టింది. కింది ఆకు పక్కనుంచి బియ్యపుగింజంత పచ్చటి ముక్కు బయటికి పొడుచుకొచ్చిన పొద్దున, భార్య పళ్ళు తోముకుంటుంటే చెయ్యి పట్టి లాక్కొచ్చి చూపించాడు. ఆవిడ నోట్లో నురగతోనే వంగి చూసి, "నాలుగు రోజులు ఆగి చెప్పండి ఎవరికైనా" అంది. ఆగితే అతనెందుకవుతాడు. నిలబడ్డ పాటున అక్కకి ఫోన్ చేశాడు. ఏళ్ళ తరబడి వేలు కూడా ఆనించని నంబరు. మోగీ మోగకముందే ఎత్తి, "ఏమైంది రా? ఒంట్లో బాగానే ఉందా?" అంది అక్క. ఆ కంగారు విని ముందు సంతోషమేసింది, వెంటనే చిన్నతనమేసింది, రెండింటినీ మింగేసి "పూలకాడ వేసిందక్కా" అన్నాడు. నా ఇంట్లో, నా చేతి మీద, అన్న ముక్క పైకి అనలేదు గానీ గొంతులో పలికే ఉంటుంది, ఆవిడ లెక్కల టీచరు, చెప్పని అంకె కూడా పట్టేస్తుంది. అవతల ముక్కు చీదిన చప్పుడు. "పూసే వేళకి వస్తాను. రమ్మంటావా?" రమ్మంటావా అని సొంత అక్క అడగాల్సి వచ్చింది. రా అక్కా అన్నాడు, పెద్ద మనసు చేసుకున్నవాడిలా. ఇప్పుడు తలుచుకుంటే ఆ పెద్ద మనసుకే చెంపలు మండుతున్నాయి.

ఆ ముక్కు పెరిగింది. పూలకాడ అయితే వెలుతురు వంక లేస్తుంది, ఇది నేల వంక చూసింది. పూలకాడ కొస కాస్త నొక్కినట్టు, అంచు తేలి ఉంటుంది, దీని కొస నున్నగా గుండ్రంగా ఉంది. ఇవన్నీ తరవాత చదివి తెలుసుకున్నాడు గానీ, చదవకముందే కన్ను చెప్పేసింది. పెయింట్ల షాపులో రంగులు కలిపేవాడి కన్ను అది. పచ్చటి దాని మీద వెనకనుంచి మెల్లగా బూడిదరంగు కమ్ముకొస్తోంది, కొస మాత్రం పచ్చగా మిగిలింది. గాల్లో తిరిగే ఆర్కిడ్ వేరు ఒంటి మీద ఆ బూడిదరంగే ఉంటుంది, కుండీ అంచు మీంచి వేలాడే పాత వేళ్ళన్నీ అదే రంగు, ఎదురుగానే ఉన్నాయి, పక్కన పెట్టి చూసుకుంటే సరిపోయేది. చూసుకున్నాడు కూడా. చూసుకుని, ఒక పుల్ల గుచ్చి, భార్య జడ క్లిప్పు తెచ్చి, కిందికి పోతానంటున్న వేరుని పైకి వంచి ఆ పుల్లకు కట్టాడు. అక్క రోజూ ఫోన్. "పుల్ల కట్టావా?" "కట్టాను." అది ఒక్కటే నిజం. "మొగ్గలు కనిపిస్తున్నాయా?" "ఇప్పుడిప్పుడే." "ఎన్ని?" ఎన్నో చెప్పాడు. మర్నాడు ఇంకోటి కలిపి చెప్పాడు. లెక్కల మనిషికి లెక్క చెబితే నమ్ముతుందని కాబోలు. ఆవిడ ఫోన్లోనే మురిసిపోయి, పక్కనెవరికో చెబుతోంది, మా తమ్ముడి దగ్గర అమ్మ మొక్క పూస్తోందండీ అని. ఆ పక్కనున్నది ఎవరో కూడా అతనికి తెలియదు. తెలియని మనిషి ముందు కూడా పరువు పోబోతోంది.

కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. వాషర్ మార్చాలి అనుకుంటూనే నెలలైంది. పై ఇంట్లో ఎవరో కుర్చీ ఈడుస్తున్నారు. వెలుతురు స్టవ్వు గట్టు మీద నుంచి జారి అరటిపళ్ళ బుట్ట మీద పడింది. ఈ మొక్క కోసం పడని పాటు లేదు, అదేమీ అబద్ధం కాదు. మొదటి ఏడు రోజూ చెంబుడు నీళ్ళు పోశాడు, వేళ్ళు కుళ్ళి సగం మొక్క పోయింది. రెండో ఏడు భయపడి పొయ్యడమే మానేశాడు, ఆకులు ముడతలు పడ్డాయి. షాపులో ఒక్కొక్కరిదీ ఒక్కో వైద్యం. టీ పొడి వెయ్యమన్నవాడు ఒకడు, ఐసు ముక్కలు పెట్టమన్నవాడు ఒకడు, దగ్గర కూర్చుని కబుర్లు చెప్పాలండీ అన్నవాడు ఒకడు. కబుర్లు కూడా చెప్పాడు, షాపు ఓనరు మీద చాడీలు తప్ప ఏమీ తోచలేదు. రాత్రిళ్ళు చల్లదనం తగిలితే పూస్తుందని ఎవరో అంటే, చలికాలమంతా పొద్దుపోయాక డాబా మీదికీ తెల్లారాక ఇంట్లోకీ చంటిపిల్లని మోసినట్టు మోశాడు. "నన్నొక్కనాడైనా ఇలా ఎత్తుకున్నారా?" అంది భార్య. నవ్వాడు గానీ ఆ నవ్వు లోపలికి దిగలేదు, ఎందుకంటే ఆ మోతంతా మొక్క మీద ప్రేమతో కాదని అతనికి తెలుసు. అక్క ఒకే ఒక్కసారి, తీసుకొచ్చిన కొత్తలో, "మొక్కెలా ఉంది రా, ఆకులు వడిలితే చెప్పు, వచ్చి చూస్తాను" అని ఫోన్ చేస్తే, "ఏం, నీ చేతిలోనే బతుకుతుందా? నేను చంపేస్తానా?" అని కసిరాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. అప్పట్నుంచి మాటల్లేవు. పువ్వొకటి పూయించి ఆ ఫోన్ మళ్ళీ తను చెయ్యాలి, చూడు అనాలి. ఇన్ని చలికాలాలు మోసింది అందుకు.

అసలు ఎందుకు తెచ్చుకున్నాడు దీన్ని. ఆ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా మనసు పక్కసందులోకి తిరిగిపోతుంది, ఇవాళ తిరగడానికి సందు లేదు. అమ్మ ఓ పెద్ద హోటల్లో గదులు ఊడ్చి పక్కలు మార్చేది. కింద హాల్లో అలంకారానికి పెట్టిన ఆర్కిడ్ల పూలు రాలిపోగానే కుండీలతో సహా చెత్తలో పారేసేవాళ్ళట. అందులోంచి ఒకటి సంచిలో వేసుకుని తెచ్చుకుంది అమ్మ, రెండు ఆకులు, ఒక మోడు. అమ్మ ఉండేది అక్క దగ్గర. ఇద్దరూ కలిసి దాన్ని బతికించారు, కొన్నాళ్ళకి పూయించారు, ఆ పూయడం ఊరికే పూయడం కాదు, నెలల తరబడి రాలకుండా అలా నిలబడిపోయింది, చూడ్డానికి ఇరుగుపొరుగు వచ్చేవాళ్ళు. అమ్మ పోయాక ఒక సాయంత్రం అందరూ ఆ గదిలో కూర్చున్నప్పుడు అక్క, "నీకేం కావాలో తీసుకోరా" అంది. మంచం ఉంది, బీరువా ఉంది, అమ్మ చేతి గాజులున్నాయి. అంతకుముందే బాబాయి, కూతురంటే ఇలా ఉండాలి, అమ్మని ఎంత బాగా చూసుకుందో అని అక్కని ఒకటే మెచ్చుకున్నాడు. ఆ మెచ్చుకోలులో తన పేరు ఎక్కడైనా వస్తుందేమోనని అతను చూశాడు, రాలేదు, రావడానికి తను చేసిందేముంది. అప్పుడు అక్క కన్ను ఒక్క క్షణం కిటికీలో, పూలు రాలి ఆకులు మాత్రం మిగిలిన ఈ కుండీ మీదికి పోయి వచ్చింది. ఆవిడ ఏది పోకూడదనుకుంటోందో ఆ చూపులో తెలిసిపోయింది. "నాకేమీ వద్దు. అమ్మ గుర్తుగా ఆ మొక్క చాలు" అన్నాడు అతను. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు. "చూశారా, వీడికి దేని మీదా ఆశ లేదు. మొక్క చాలన్నాడు. ఎంత మంచివాడు!" అన్నాడు. ఆ మంచివాడు అనే మాట ఇప్పటికీ చెవిలో ఉంది, తీసి పారేద్దామంటే రాదు. అక్క లేచి కుండీ చుట్టూ పాత పేపరు చుట్టింది, నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో, ఏ వెలుతురులో పెట్టాలో నెమ్మదిగా చెప్పింది. అతను తల ఊపాడు. ఒక్క ముక్క వినలేదు.

సరే, అక్కడితో అయిపోతే ఏదోలే అనుకోవచ్చు. వేరుని చూసి పూలకాడ అనుకోవడం ఎవరికైనా జరిగేదే, కుళ్ళుబోతుతనంతో ఒక మొక్క లాక్కోవడం కూడా అక్కాతమ్ముళ్ళ మధ్య జరగనిది కాదు. నిన్నటిది మాత్రం ఎవరికీ జరగదు. మొన్న రాత్రి ఫోన్లో అక్క, "మొగ్గల మీద రంగు తెలుస్తోందా?" అంది. "ఇంకా పచ్చగానే ఉన్నాయి" అని తప్పించుకున్నాడు. నిన్న సాయంత్రం షాపు కట్టేశాక పూల దుకాణానికి వెళ్ళాడు. ఉపాయం సిద్ధంగానే ఉంది. ఒక ఆర్కిడ్ పూలరెమ్మ కొని, కొసని చిన్న నీళ్ళ గొట్టంలో పెట్టి, గొట్టాన్ని కుండీలో బెరడు ముక్కల కింద దాచి, పుల్లకు కట్టేస్తే రెండు రోజులు నిలబడుతుంది. అక్క చూస్తుంది, మురుస్తుంది, వెళ్ళిపోతుంది. అంత సిగ్గుమాలిన పనికి కూడా అప్పుడు సిగ్గు వెయ్యలేదు, ఎక్కడా తడబడకుండా వెళ్ళి గాజు అలమర ముందు నిలబడ్డాడు. తెల్లవి, ఊదావి, పసుపువి, మచ్చలవి, గులాబీ చారలవి, అన్నీ ఉన్నాయి. "ఏ రంగు కావాలన్నా?" అంది దుకాణంలో అమ్మాయి. అతను అలమర ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. "మామూలు రంగే" అన్నాడు. "మామూలు రంగంటే ఏంటన్నా?" అంది ఆ పిల్ల, నవ్వుతూనే.

అమ్మ పువ్వు ఏ రంగో అతనికి తెలియదు. మర్చిపోవడం కాదు, మర్చిపోవాలంటే ఒకసారైనా చూసి ఉండాలి. షాపులో అందరూ అతన్ని కలర్ మాస్టర్ అంటారు. ఎవరైనా గోడ మీద నుంచి రాలిన పెచ్చు తెచ్చి ఇదే రంగు కావాలంటే, వెలుతురులో ఒకసారి తిప్పి చూసి, తెల్ల పెయింట్‌లో ఏ చుక్క ఎంత వెయ్యాలో చెప్పేస్తాడు. పోయిన నెల ఒకాయన చిన్నప్పటి చొక్కా గుండీ తెచ్చాడు, దానికీ కలిపి ఇచ్చాడు. అలాంటివాడు ఆ అమ్మాయి ముందు చేతులు జేబుల్లో పెట్టుకుని, మళ్ళీ వస్తానమ్మా అని బయటపడి, పేవ్‌మెంటు మీద నిలబడి ఫోన్లో ఫొటోలన్నీ తిరగేశాడు. గోడలు, డబ్బాలు, షేడ్ కార్డులు. అమ్మవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని, ఒకదాంట్లో మంచం పక్కన కుండీ అంచు మాత్రం పడింది, పువ్వులున్న చోట ఫొటో అయిపోయింది. భార్యని అడగొచ్చు, ఆవిడకి తెలిసే ఉంటుంది. అడిగితే ఆవిడ తెల్లబోయి తన మొహంలోకి చూసే చూపు ముందుగానే కనిపించి, అడగలేకపోయాడు.

ఆ రోజు మాత్రం బాగా గుర్తుంది, అదే దరిద్రం. అమ్మ మంచం పట్టాక అతను చూడ్డానికి వెళ్ళిన రోజు. కిటికీ తెర సగం తీసి ఉంది, అక్క వంటింట్లో ఏదో కలుపుతోంది, చెంచా గిన్నెకి తగిలే చప్పుడు. అతను కుర్చీలో కూర్చుని ఫోన్ చూస్తున్నాడు, ఎవరో బిల్డరు ఎనిమిది అంతస్తులకి ఒకే షేడ్ అడిగాడు, ఆ షేడ్ పేరు ఇప్పటికీ నోటికొస్తుంది, అదొక రకం ఇసుకరంగు, కాస్త ఎరుపు పొడ. అమ్మ చెయ్యి దుప్పటి మీద నుంచి కొంచెం లేచింది, కిటికీ వంక. "చూశావా రా?" అంది. "ఆ, చూశానమ్మా. బాగుంది" అన్నాడు, ఫోన్ మీద నుంచి తల ఎత్తకుండా. అమ్మ చెయ్యి మళ్ళీ దుప్పటి మీదికి దిగింది. చెత్తలోంచి తెచ్చిన మోడుకి పూసిన పువ్వు అది, ఆ మంచం మీది మనిషికి ఇంకొకరికి చూపించుకోవడానికి అదొక్కటే ఉంది. తల ఒకసారి ఎత్తితే సరిపోయేది. ఎత్తితే ఎంతసేపు. ఇసుకరంగు గుర్తుంది అతనికి.

స్కూటర్ ఆగిన చప్పుడైంది. అతను గబుక్కున లేచాడు, స్టూలు కింద పడింది. వేరుని విప్పేద్దామా, క్లిప్పు తీసేద్దామా, కుండీని డాబా మీదికి తీసుకుపోయి, రాత్రి గాలికి పడి విరిగిందని చెబుదామా, చెయ్యి కుండీ దాకా పోయి ఆగింది. మెట్ల మీద రెండు గొంతులు, భార్య నవ్వు, ఇంకొకటి కాస్త ఆయాసపడుతూ. అక్క లోపలికి వచ్చింది. ముందు జుట్టంతా నెరిసిపోయింది. మంచినీళ్ళు కూడా అడక్కుండా, అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసి, "ఏదిరా?" అంది. నడుస్తూనే సంచిలోంచి చిన్న పొట్లం తీసి విప్పింది. రంగు వెలిసిన పాత క్లిప్పు. "అమ్మది. పూలకాడని దీంతోనే పట్టించేది. నీ దగ్గర ఉందో లేదోనని తెచ్చాను."

అతను కిటికీ చూపించాడు. అక్క కళ్ళద్దాలు సర్దుకుని వంగింది. చాలాసేపు వంగే ఉంది. కుళాయి చుక్కలు వినబడుతున్నాయి. ఆవిడ భుజాలు కదలడం చూసి, ఏడుస్తోందనుకుని అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఒరేయ్" అంది అక్క, నవ్వు ఆపుకోలేక కళ్ళద్దాలు తీసేసి. "వేరుని తీసుకెళ్ళి పుల్లకి కట్టావేంట్రా!"

"నాలుగు రోజులు ఆగమని ఆ రోజే చెప్పాను వదినా" అంది వెనకనుంచి భార్య.

"మొగ్గలు లెక్కపెట్టి మరీ చెప్పాడే వీడు!" అక్క క్లిప్పు విప్పింది. విప్పినా వేరు కిందికి దిగలేదు, కట్టిన వంపులోనే బిర్రుగా ఉండిపోయింది. "పాపం, దాని మానాన దాన్ని పోనివ్వకుండా. ఎప్పుడు తెలిసింది నీకు?"

"చాలా రోజులైంది."

"చెప్పొచ్చుగా. నేను మాత్రం మొదట్లో వేరుని చూసి పూలకాడనుకుని అమ్మని నిద్ర లేపలేదా? వారం రోజులు నవ్వింది."

అక్కడితో ఊరుకోవచ్చు. ఆవిడ నవ్వేసింది, ఇన్నేళ్ళ మౌనం ఆ నవ్వులో కొట్టుకుపోయేలాగే ఉంది, కాఫీ పెట్టమని భార్యకి చెప్పి నాలుగు కబుర్లలో పడితే ఈ గండం గట్టెక్కినట్టే. కానీ దుప్పటి మీద దిగిన ఆ చెయ్యి కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. నేల చూపులు చూస్తూ అడిగాడు. "అక్కా, అమ్మ పువ్వు ఏ రంగు?"

నవ్వు ఆగింది. అక్క అతని వంక చూసింది, కోపంగా కాదు, బోర్డు మీద తప్పు ఎక్కడొచ్చిందో తెలిసినవాళ్ళు చూసినట్టు చూసింది.

"అమ్మకి తెలుసు రా" అంది.

అతనికి ముందు అర్థం కాలేదు.

"నువ్వు చూళ్ళేదని. ఆ రోజు నువ్వు వెళ్ళాక అంది. 'చూశానన్నాడు గానీ చూళ్ళేదే వాడు. ఏదో పని తొందరలో ఉన్నాడు పాపం. మళ్ళీ పూస్తే వాణ్ణి పిలువు' అంది. సరే పిలుద్దామనుకుంటే, నువ్వు మొక్కనే ఎత్తుకుపోతివి."

తిట్టి ఉంటే బాగుండేది అమ్మ. వీడింతే అని ఉంటే బాగుండేది. పాపం అంది. అబద్ధం అని తెలిసీ తనని వెనకేసుకొచ్చి, ఇంకోసారి పిలువు అని చెప్పి మరీ పోయింది. అతను పడిపోయిన స్టూలు తీసి నిలబెట్టాడు, చేతులకి ఏదో ఒక పని కావాలి. మొహం కాలిపోతోంది. మొక్క కోసం అక్క ఆ రోజు పట్టుబట్టకపోవడం, కసిరినా తిరిగి తిట్టకపోవడం, రెండు నెలలుగా రోజూ ఫోన్ చేసి మొగ్గల సంగతి అడగడం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. తను అక్కకి చూపించాలని ఏళ్ళ తరబడి కుండీ మోస్తుంటే, అక్క తనకి చూపించాలని కాచుకుని ఉంది.

"తీసుకెళ్ళిపో అక్కా దీన్ని" అన్నాడు.

"ఎందుకు తీసుకెళ్ళడం? స్టవ్వు పక్కన, అరటిపళ్ళ పక్కన పెడితే ఎక్కడ పూస్తుంది రా? పళ్ళ ఆవిరి తగిలితే మొగ్గలు వేసినా రాలిపోతాయి. నేను చెప్పాను, నువ్వు వినలేదు." ఆవిడ అప్పటికే కుండీ ఎత్తి పడగ్గది వైపు నడుస్తోంది. తూర్పు కిటికీ రెక్క తీసి గాలి చూసింది, తెర పక్కకి జరిపింది, గట్టు మీద కుండీ పెట్టి ఒక వైపుకి తిప్పింది. "ఇక్కడుంచు. మళ్ళీ తిప్పకు. కాడ వస్తే నాకు ఫోన్ చెయ్యి, పైకి లేస్తోందో కిందికి పోతోందో చూసుకుని మరీ చెయ్యి."

భార్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది. అతను భయపడ్డ చూపు ఆవిడ చూడలేదు, ఇంకా కష్టంగా ఉంది ఆ చూపు, అందులో జాలి కలిసింది. "నేను రెండుసార్లే చూశాను, నాకే కళ్ళకు కట్టినట్టుంది" అంది మెల్లగా. "అది మామూలు రంగు కాదండీ, అంచు దగ్గర కాస్త..."

"చెప్పకు" అన్నాడతను.

గది చిన్నది, మాట గట్టిగా వచ్చింది, ఇద్దరు ఆడవాళ్ళూ అతని వైపు తిరిగారు. అతను ఇద్దరినీ చూడలేక కుండీ వంక చూశాడు. పుల్ల ఖాళీగా నిలబడి ఉంది. అక్క దాని పై కొసకి అమ్మ క్లిప్పు తగిలించింది.